చలవమ్మ ఉతికిన చొక్కా

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మాసిన బట్ట ఆమె చేతిలో పడితే మళ్ళీ పుట్టినట్టు తయారవుతుందని అందరూ చలవమ్మ అనేవారు. కోడలికి మాత్రం అత్తయ్య. ఇప్పుడు ఆమె లేదు. వెనక వసారాలో తొట్టి దగ్గర కోడలే కూర్చుంటోంది. చేతులు నీళ్ళలో పెట్టినప్పుడల్లా, కాపురానికి వచ్చిన కొత్తలో అత్త చెప్పిన మాటే గుర్తొస్తుంది.

"అమ్మాయ్, మరక ఎలా పోతుందో ఆలోచించు. ఎలా పడిందో అడక్కు. అడిగావంటే రేపట్నుంచి మన గుమ్మం ఎక్కరు."

అత్త ఉన్న రోజుల్లో వీధి గదిలో ఇస్త్రీ బల్ల, మధ్య గదిలో మాసిన బట్టల గంప, వెనక తొట్టి. వచ్చిన ప్రతి బట్టకూ మెడపట్టీ లోపల నల్లసిరాతో ఆ ఇంటి గుర్తు పెట్టడం కొడుకు పని. ఉతకడం తల్లి పని. మడతలు కోడలివి.

అప్పుడే ఒకసారి, వీధి చివరి మేడలో ఒంటరిగా ఉండే మందుల షాపు పెద్దాయనను ఎవరో పొడిచి చంపారు. ముందురోజు ఆయన బట్టలు ఇచ్చి వచ్చింది కొడుకే. అంతే, పోలీసులు వచ్చి జీపెక్కించుకు పోయారు. కొట్టినా ఒప్పుకోవడం లేదని, ఒప్పుకునే దాకా వదిలేలా లేరని స్టేషన్ ఎదుట సైకిళ్ళు బాగుచేసే ఆయన వచ్చి చెప్పి వెళ్ళాడు. కోడలు గోడకు చేరగిలబడి ఏడ్చింది. చలవమ్మ ఏడవలేదు. తీసుకున్న బట్టలు ఇవ్వాలి కదా అంటూ తొట్టి దగ్గరకు పోయింది.

మధ్యాహ్నం ఒక కానిస్టేబుల్ ఒక్కడే వచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. కోడలు తెచ్చేసరికి మధ్య గదిలో గంప పక్కన నిలబడి ఉన్నాడు. ఊరికే చూస్తున్నానన్నాడు. గుక్కెడు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. పోలీసు కదా, చూడ్డమే వాళ్ళ పని అని సర్దిచెప్పుకుంది.

ఆ సాయంత్రం గంప దిమ్మరిస్తే ఒక చొక్కా బయటపడింది. రొమ్ము మీద మరక ఎండి అట్టకట్టింది. మెడపట్టీ తిప్పి చూస్తే గుర్తు లేదు. గుర్తు పెట్టకుండా పడేశాడు వెధవ అని చలవమ్మ కొడుకును తిట్టింది. తిడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టింది. పిల్లల మోకాలి దెబ్బలవి, మగవాళ్ళు గడ్డం గీసుకున్నప్పటివి, ఆ ఇంటికి రాని నెత్తురు మరక లేదు. మరక వదిలే దాకా రుద్దింది, ఆరేసింది, పొద్దున్నే ఇస్త్రీ కూడా చేసింది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెంట నిన్నటి కానిస్టేబుల్, సోదాకు సాక్షులుగా బడి మేష్టారు, గొడుగుల షాపాయన. ఇన్‌స్పెక్టరు అలమర తెరవలేదు, మంచం కింద చూడలేదు. తిన్నగా గంప దగ్గరకు పోయి బోర్లించాడు. దుప్పట్లు పడ్డాయి, లంగాలు పడ్డాయి. మళ్ళీ కెలికాడు. కానిస్టేబుల్ మొహం పాలిపోయింది.

"ఇందులోనే ఉండాలి సార్, నెత్తురు చొక్కా" అన్నాడు.

మేష్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఉండాలని నీకెలా తెలుసయ్యా?"

కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టరు వెనక్కు జరిగాడు. కోడలికి అప్పుడు అర్థమైంది, నిన్నటి మంచినీళ్ళు ఎందుకో. చలవమ్మ వీధి గదిలోకి వెళ్ళి మడతపెట్టిన చొక్కా తెచ్చింది. మల్లెపువ్వులా ఉంది.

"ఇదేనా బాబూ? మొండి మరక. పోయింది."

సాక్ష్యం చెరిపేశావు, నిన్నూ లోపలేస్తానని ఇన్‌స్పెక్టరు కస్సుమన్నాడు.

"వెయ్యండి. మా ఇంటికొచ్చిన బట్టకు గుర్తుంటుంది. దీనికి లేదు. దీన్ని మా గంపలోకి ఎవరు తెచ్చారో కూడా అడిగి, అప్పుడు వెయ్యండి."

మేష్టారు సోదా కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. కోర్టులో అడిగితే తాను విన్న మాటే చెబుతానన్నాడు. గొడుగుల షాపాయన కూడా పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఆధారం లేదని కొడుకును వదిలేశారు. ఆ చొక్కా ఎక్కడిదో స్టేషన్లో ఎవరూ చెప్పలేదు. పెద్దాయనను చంపిందెవరో ఈనాటికీ తేలలేదు. కావాలనే ఉతికావా అని చలవమ్మను అడగని వాళ్ళు లేరు. ఆమె నవ్వి ఊరుకునేది. కోడలితో ఒక్కసారి అంది: "తెలిసుంటే భయపడి పొయ్యిలో పెట్టేదాన్నే. అప్పుడు నిజంగానే దొంగలమయ్యేవాళ్ళం."

కొడుకును తీసుకురావడానికి అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. వాచిన మొహంతో అతను వెనక సందు వైపు తిరిగాడు.

"ఇటు పోదామమ్మా. జనం చూస్తారు."

"చూడాలనేరా ఇటు తీసుకెళ్తున్నాను" అని తల్లి అతని చేయి పట్టుకుని పెద్దవీధిలోకి తిప్పింది. గుమ్మాల్లో జనం. ఒకరిద్దరు లోపలికి జరిగారు. చలవమ్మే ప్రతి గుమ్మం ముందూ ఆగింది.

"మా అబ్బాయి వచ్చాడు. మాసినవి పంపించండి."