గంటల్లో దూర్చిన ఉన్ని

మా ఆయన వెలిచ్కో గొర్రెల మెడగంటలకు శ్రుతి కలిపే మనిషి. మా రొడోపీ కొండల్లో మందకు గంటలు కట్టడమంటే చేతికందిన గంట తగిలించెయ్యడం కాదు. పెద్ద పొట్టేలుది బొంగురుగా మోగాలి, ఈనిన గొర్రెలది మధ్యస్తంగా, పిల్లలది సన్నగా, అన్నీ కలిసి ఒక్క గొంతులా వినపడాలి. అలా కుదిరితే మంచు కమ్మేసినా కాపరికి తన మంద ఎక్కడుందో తెలుస్తుంది. వెలిచ్కో చిన్న సుత్తీ, ఇనుప దిమ్మా మోటారు సైకిలు పెట్టెలో వేసుకుని ఊరూరా తిరుగుతాడు. గంట అంచు మీద ఇక్కడో దెబ్బ, అక్కడో దెబ్బ వేసి ఆ కుదురు తెస్తాడు. ఇంట్లో తలుపు కిర్రుమంటుంటే మాత్రం చుక్క నూనె వెయ్యడు, అది వేరే సంగతి.

బండంటే ఆయనకు ప్రాణం. దాని మీద పోతూ ఎదుటి కొండవాలున మంద మోగితే చాలు, ఎవరిదో పోల్చుకుని కాపరిని పేరు పెట్టి కేకేస్తాడు. అవతలివాడు కర్ర ఎత్తి బదులిస్తాడు. ఇందులో ఆయనకున్న గొప్ప ఇంతా అంతా కాదు. అందుకే కొత్త హెల్మెట్ కొన్న రోజే, మందలు సరిగా వినపడటం లేదని, నా వంటింటి కత్తితో చెవుల దగ్గరి మెత్తలు రెండూ తోడేశాడు. ఇలాంటి తెలివి గంటలవాడికి తప్ప ఇంకొకరికి రాదు. చెత్తబుట్టలో ఆ మెత్తలు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? ఆ గాలి హోరంతా చెవుల్లోకే కదా పోయేది!"

"గంటలవాడు చెవులు మూసుకుని తిరిగితే నలుగురూ నవ్వరటే?"

"నవ్వితే నవ్వనీ. కాస్త దూదన్నా పెట్టుకో."

"ఆ దూదేదో నీ నోట్లో పెట్టుకో, నాకు సుఖంగా ఉంటుంది."

మా సంసారంలో సరసాలు ఇలాగే ఉంటాయి.

నేను కాపరులకు మందపాటి ఉన్ని కోట్లు కుడతాను. అవి ఇవ్వడానికి ఆయన బండి వెనకే కూర్చుని వెళ్తాను. కూర్చున్న దగ్గర్నుంచీ దిగేదాకా నా నోరు ఊరుకోదు. గాలి హోరులో ఆయనకు ఒక్క ముక్క వినపడదు. "ఇంట్లో తిట్టింది చాలక మా ఆవిడ బండి మీద కూడా తిడుతూ వస్తుంది" అని కాఫీ కొట్టులో అందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీలే అని నేనూ ఊరుకున్నాను.

పోయిన ఎండాకాలం వాకిట్లో కూర్చుని టీ తాగుతుంటే, "ఈ ఏడు కీచురాళ్ళు లేవేమే?" అన్నాడు. అవి గోల పెట్టి చంపుతున్నాయి. సన్నటి శబ్దాలు ఆయన చెవికి అందడం మానేశాయన్నమాట. ఆ మాట చెబితే, "నీకు లేనిపోనివి వినపడుతున్నాయి" అని నా చెవులకే వంక పెట్టాడు.

ఈ ఏడు వసంతంలో, మందలు కొండమేతకు బయల్దేరే గెయోర్గి పండుగకు ఎప్పటిలాగే హరలంపి మందకు గంటలు కట్టాడు. హరలంపి ఆయనకంటే పెద్దవాడు, పాత స్నేహం. మా దగ్గర ఒక పద్ధతుంది. గంటలు కట్టాక దొడ్డి తలుపు తీసి మందను వదులుతారు. కాపరీ, గంటలవాడూ పక్కపక్కన నిలబడి మాట్లాడకుండా వింటారు. శ్రుతి కుదిరిందనిపిస్తే కాపరి పండుగ రొట్టెలోంచి మొదటి ముక్క విరిచి గంటలవాడి చేతిలో పెడతాడు. హరలంపి ఆ రోజు ముక్క విరిచాడు గానీ, ఇచ్చేటప్పుడు మా ఆయన ముఖంలోకి చూడలేదు.

కొన్నాళ్ళకు హరలంపి కోటు తయారైతే ఇద్దరం కొండ మీద మంద మేస్తున్న చోటికి వెళ్ళాం. బండి ఆపి మా ఆయన చెవి ఒగ్గాడు. పెద్ద గంటలే మోగుతున్నాయి, చిన్నవాటి ఊసే లేదు. ఆయన మందలోకి నడిచి ఒక గొర్రెపిల్లను పట్టుకుని మెడగంట తిప్పి చూశాడు. లోపల ఉన్ని కుక్కి ఉంది. ఇంకో పిల్లను పట్టుకున్నాడు, దానికీ అంతే. చిన్న గంటలన్నిటి నోళ్ళూ మూసి ఉన్నాయి.

హరలంపి పరుగెత్తుకొచ్చాడు. "ఏం లేదు తమ్ముడూ, తోడేలు తిరుగుతోందని..."

"తోడేలు చిన్న గంటలే వింటుందా అన్నా?"

ముసలాయన టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. "చిన్న గంటలు శ్రుతి తప్పినట్టుంటే, నాకే చెవులు పాడైపోయాయేమో అనుకున్నానురా. ఎవరన్నా వింటే నీ పేరు పోతుందని..."

మా ఆయన పీకిన ఉన్ని పింజె జేబులో పెట్టుకుని వచ్చి బండి పక్కన కూలబడ్డాడు. "ఇంక నా పని అయిపోయిందే" అన్నాడు. అన్నేళ్ళలో ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇద్దరం అక్కడే ఉండిపోతామని, "లే, చెవుల డాక్టరు దగ్గరికి పోదాం" అని రెక్క పట్టుకుని లేపాను.

పట్నంలో డాక్టరమ్మ పరీక్ష చేసి ఉన్నమాట చెప్పింది. పోయిన సన్నటి శబ్దాలు తిరిగి రావు. ఉన్నవి కాపాడుకోవచ్చు. చెడగొట్టింది ఇంజను మోత కాదు, గంటల తరబడి హెల్మెట్‌లో సుడి తిరిగే గాలి. "చెవుల్లో ఇవి పెట్టుకోండి. హోరు తగ్గితే మనుషుల మాట ఇంకా బాగా తెలుస్తుంది" అని మెత్తటి స్పాంజి బిరడాలు ఇచ్చింది.

బయటికి రాగానే, "చెవులు మూసుకుంటే బాగా వినపడుతుందట! చదువు ఎక్కువైతే ఇంతే" అని వాటిని నా సంచిలో పడేశాడు.

తిరుగుదారిలో నేను ఊరుకోలేదు. నిదానంగా పోతుండగా, "బండి మీదే కాసేపు లేచి నిలబడవయ్యా" అని చెవి దగ్గర అరిచి వీపు మీద చరిచాను. లేచాడు. బండి ఆపి వింతగా చూశాడు. "లేచి నిలబడితే హోరు సగం తగ్గిందే!" సంగతి తెలిసిపోయింది. గాలి ఆపడానికని ఎప్పుడో పాత బండిది ఏదో ఎత్తు అద్దం తెచ్చి ముందు బిగించుకున్నాడు, కూర్చుంటే దాని పై అంచు మీంచి గాలి తిన్నగా ఆయన తలకే కొడుతోంది. ఇంటికి రాగానే ఆ అద్దం తీయించి పొట్టిది పెట్టించాను. తోడేసిన మెత్తల చోట కోటు గుడ్డతో కొత్తవి కుట్టాను. గడ్డం కింది సందులోంచి గాలి దూరకుండా మెడకు పట్టీ కుట్టాను.

ఇక చెవులు. ఉతకబోతే ఆయన జేబులో హరలంపి ఉన్ని దొరికింది. దాన్ని శుభ్రం చేసి, మా తేనెపట్టు మైనం అరచేతిలో మెత్తబరిచి, రెండూ కలిపి చిన్న ఉండలు చేశాను. బల్ల మీద పెట్టి, "ఇది మందలో ఉన్నే, పరాయిది కాదు" అన్నాను. ఒక ఉండ తీసి వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత, తలుపులకు నూనె వెయ్యని మనిషి, నా మాట విని చెవుల్లో పెట్టుకున్నాడు.

హరలంపి చిన్న గంటలు మళ్ళీ దిద్దడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆయన కొడతాడు, నేను వింటాను. నేను తల అడ్డంగా ఊపితే ఇంకో దెబ్బ, నిలువుగా ఊపితే పక్కన పెట్టడం. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నాం. దొడ్డి తలుపు తీశాక ఈసారి ముగ్గురం నిలబడి విన్నాం. హరలంపి రొట్టె విరిచి మొదటి ముక్క మా ఆయనకిచ్చాడు. ఆయన దాన్ని రెండు చేసి సగం నా చేతిలో పెట్టాడు.

"మరదలా, నీకూ మీసాలుంటే నువ్వే గంటలవాడివి" అని నవ్వాడు హరలంపి.

"చెవులున్నాయిగా, చాలు బావా" అన్నాను.

దిగేటప్పుడు మా ఆయన ఉండలు పెట్టుకుని, పట్టీ బిగించి మెల్లగా పోనిచ్చాడు. దారిలో మందలు మోగుతున్నా ఎవర్నీ కేకెయ్యలేదు. కాపరులే ముందుగా కర్రలెత్తారు, ఆయన చెయ్యి ఊపాడు. నాకు మనసు నిండిపోయి, ఎప్పటిలాగే ఆయన వీపుకి చెంప ఆనించి మొదలుపెట్టాను. ఎన్నేళ్ళుగానో గాలికి వదిలేసిన మాటలే. "నా బంగారుకొండా, నువ్వు లేకపోతే నేనెట్లా బతుకుతానయ్యా..."

బండి ఆగింది. ఆయన హెల్మెట్ తీసి వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ నువ్వు అంటున్నది ఇదా?"

సిగ్గుతో తల పక్కకు తిప్పుకున్నాను. "ఏవో తిట్లేలే. పోనీ బండి" అన్నాను.

ఆయన హెల్మెట్ పెట్టుకుని, అందాకా వెళ్ళినదానికంటే ఇంకా మెల్లగా బండి కదిలించాడు. కొంచెం దూరం వెళ్ళాక, వెనక్కి తిరక్కుండానే, "ఇంకాస్త తిట్టవే" అన్నాడు.