ఒకటో నంబరు లేబుల్

మా లేబుల్ బాబాయి ఇంట్లో కాఫీ తాగాలంటే ముందు సంతకం పెట్టాలి. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా దానికో లేబుల్ అంటిస్తాడు. దాని మీద వస్తువు పేరు, వచ్చిన తేదీ, ఒక అంకె, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షులంటే ఎవరో కాదు, ఆ వారం ఆ ఇంటికి వెళ్లి దొరికిపోయిన చుట్టాలు. నేను ఇప్పటిదాకా ఒక కుక్కరుకు, రెండు ఫ్యాన్లకు, ఒక నిచ్చెనకు, స్నానాలగదిలో బకెట్టుకు సాక్షిని.

బాబాయి రసాయనాల ల్యాబ్‌లో ముప్ఫై ఒక్కేళ్లు స్టోరు చూసి రిటైరయ్యాడు. చదువయ్యాక నేనూ అక్కడే రెండేళ్లు పనిచేశాను. స్టోరులో ఆయన్ని చూస్తే మా ఆఫీసరుకే భయం. లేబుల్ లేని సీసా కనిపిస్తే లోపల ఉన్నది మంచినీళ్లయినా సరే, పారబోయించేవాడు.

"లేబుల్ లేనిది ఎవరిదీ కాదమ్మాయ్. ఎవరిదీ కానిదాన్ని ముందొచ్చినవాడు పట్టుకుపోతాడు," అనేవాడు.

పిన్ని టైలరు. ముందుగదే ఆవిడ షాపు. ఎప్పుడూ నోట్లో నాలుగు గుండుసూదులుంటాయి కాబట్టి తక్కువ మాట్లాడుతుంది. నేను పిన్ని అంటున్నాను గానీ, వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. పంతొమ్మిదేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకల్లా ఒక్కో జవాబు దొరికేది.

"అడుగుదామనుకునేలోపు అలవాటైపోయింది," అని బాబాయి.

"తీరికేదీ? ముందు ఊళ్లోవాళ్ల పెళ్లిబట్టలు తెమలాలి," అని పిన్ని, సూదుల మధ్య నుంచి.

ఇక ఆ అంకె సంగతి. ప్రతి లేబుల్ మీదా 1 గానీ 2 గానీ ఉండేది. ఒకటంటే బాబాయి, రెండంటే పిన్ని అని మేమంతా అనుకున్నాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కట్టుకున్న ఇంట్లో మగవాడు ఒకటి కాక రెండెలా అవుతాడు? ఫ్రిజ్ 1, బీరువా 1, మంచం 1, చివరికి పిన్ని కుట్టుమిషన్ కూడా 1. రెండో నంబరువి ఒక గొడుగు, ఒక మడతకుర్చీ, పాత రేడియో, జిగురు సీసా. అంతే.

"ఇన్నేళ్ల కాపురానికి నీకు దక్కింది గొడుగా?" అని మా అత్త ఒకసారి దెప్పింది.

"వానొస్తే కావలసింది అదే కదా వదినా," అంది పిన్ని.

బాబాయి విననట్టు ఒక జల్లెడ తెచ్చి అత్త ముందు పెట్టాడు. "ఇక్కడో సంతకం," అన్నాడు.

మా పాప పదో నెలలో ఉండగా ఒక స్టూలు లేబుల్ సగం పీకి మింగేసింది. జిగురులో ఏమేం కలుస్తాయో చదువుకున్నదాన్ని కాబట్టి అందరికంటే రెండింతలు భయపడ్డాను.

"బాబాయ్, ఆ జిగురులో ఏముంది?"

"ఏ భాగం తింది?"

"పైభాగం. జిగురులో ఏముంది అంటున్నాను."

"సంతకాలు మిగిలాయిగా? అయితే పరవాలేదు."

తాపీగా జిగురు సీసా తెచ్చి చూపించాడు. దాని మీద రాసి ఉంది: "గోధుమపిండి, నీళ్లు. పాప తిన్నా పరవాలేదు." తేదీ చూస్తే పాప పాకడం మొదలుపెట్టిన వారం. నేను ఆ లేబుల్‌ని రెండుసార్లు చదివి, సీసా వాసన కూడా చూసి, అప్పుడు కూర్చున్నాను.

స్టూలుకు కొత్త లేబుల్ అంటిస్తూ ఆయన ఒక కథ చెప్పాడు. పగిలిన సీసాల గురించి చెప్పినట్టే చెప్పాడు. ల్యాబ్‌లో తూకాలు చూసే ఒకాయన, ఒకావిడ, పెళ్లి లేకుండా పద్నాలుగేళ్లు కలిసి ఉన్నారు. ఆయన పోయిన నాలుగోరోజు ఆయన తరఫువాళ్లు వచ్చి తాళం మార్చారు. ఆవిడ కొన్న గిన్నెలు కూడా ఆవిడవని చెప్పేవాళ్లు లేకపోయారు. చేతిసంచితో బయటికొచ్చింది.

"తరవాత?" అన్నాను.

"తరవాతేముంది? స్టూలు ఆరాలి. ఎక్కకు," అన్నాడు.

కొన్నాళ్లకు పెద్దనాన్న, నేను ఒకేరోజు ఆ ఇంట్లో దొరికిపోయాం. పెద్దనాన్న బాబాయికి స్వయానా అన్న. కాఫీ ఇంకా రాలేదు. బాబాయి ఒక పొడుగాటి కాగితం తెచ్చి, మా ముందే దాని మీద తను సంతకం చేసి, అన్న ముందు పెట్టాడు.

"చదువుకో అన్నయ్యా."

"ఏమిటిది?"

"ఇంటి లేబుల్."

"ఇంటికి కూడానా? నీ పిచ్చి పాడుగాను. కళ్లజోడు తేలేదురా. ఎక్కడ పెట్టాలి?"

పెద్దనాన్న చదవకుండా సంతకం పెట్టాడు. పాప కరెంటు ప్లగ్గు వైపు పాకుతోంది కాబట్టి నేనూ చదవకుండానే పెట్టి పరిగెత్తాను. ఆరోజు కాఫీ మాత్రం చిక్కగా వచ్చింది.

ఆ తరవాతి ఏడు బాబాయి గుండెకు ఆపరేషన్ జరిగింది. రెండురోజులు కళ్లు తెరవలేదు. మూడోరోజు పొద్దున పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్దామని నేను వెళ్లేసరికి గుమ్మంలో వ్యాను ఉంది. పరామర్శకు వ్యాను వేసుకొచ్చిన మనిషిని చూడటం నాకదే మొదలు. ఫ్రిజ్ అప్పటికే ఎక్కేసింది. పెద్దనాన్న కళ్లజోడు తుడుచుకుని ఒక్కో లేబులే చదువుతున్నాడు.

"ఒకటి. ఇది మావాడిది. ఎత్తండి. రెండు. గొడుగు. ఇది వదిలేయండి."

"బావగారూ, ఆయన ఇంకా ఉన్నారు," అంది పిన్ని.

"ఉండాలనే కోరుకుంటున్నానమ్మా. ఏదైనా అయితే అప్పుడు గొడవ దేనికని ముందే సర్దుతున్నాను. అయినా నేను నీకు బావనెలా అవుతాను? పెళ్లయితే కదా."

వ్యానుతో వచ్చిన మనుషులు కుట్టుమిషన్ దగ్గరికొచ్చారు. పిన్ని నోట్లోంచి గుండుసూదులు తీసింది. నాలుగూ ఒక్కొక్కటే తీసి మిషన్ మీద పెట్టింది. ఆవిడ నోరు ఖాళీగా చూడటం కూడా నాకదే మొదలు.

"ఈ మిషన్ నేను తెచ్చుకున్నది. నాతోపాటు ఈ ఇంటికొచ్చింది."

"లేబుల్ చూడు. ఒకటి. రాసింది వాడు. సాక్షి సంతకం నాదే. నేను అబద్ధం ఆడతానా? ఈ ఇల్లు కూడా మావాడు కట్టుకున్నదే. నీకూ వాడికీ మధ్య కాగితం ముక్కేదైనా ఉంటే చూపించు."

పిన్ని దగ్గర ఏ కాగితమూ లేదు. రోడ్డు మీదికెళ్తే తీసుకెళ్లడానికి గొడుగుంది.

అప్పుడు నాకు ల్యాబ్ గుర్తొచ్చింది. స్టోరులో అంకెలు ఊరికే వెయ్యరు. ఏ అంకెకు అర్థమేమిటో రాసిన పట్టీ ఒకటి తప్పకుండా ఉంటుంది. అది బీరువా తలుపుకు లోపలివైపు అంటించాలని బాబాయి పెట్టిన రూలే. పాపను పిన్ని చేతికిచ్చి వెళ్లి బీరువా తెరిచాను. బట్టల వెనక, తలుపు మీద, పసుపెక్కిన పట్టీ.

"పెద్దనాన్నా, చదవమంటారా?"

"చదువు."

"ఒకటి, ఈ ఇంటావిడ. రెండు, నేను. కింద సాక్షి సంతకం మీదే."

పట్టీ కింద ఒక కవరు ఉంది. అందులో పొడుగాటి కాగితం. తన తరవాత ఇల్లు ఎవరికి చెందాలో రాసిన వీలునామా. పైన మూలగా, పెన్సిలుతో: ఇల్లు, 1. అడుగున మా ఇద్దరి సంతకాలు.

పెద్దనాన్న కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. "సంతకం నాదే," అన్నాడు చివరికి. నేను అబద్ధం ఆడతానా అని అంతకుముందే అనేశాడు కాబట్టి వేరే దారి లేదు.

"నీకు తెలుసా పిన్నీ?" అన్నాను.

"నేను కొలతలు రాసినవే చదువుతాను," అంది. పాప ఆవిడ భుజం మీద టేపు నములుతోంది.

వ్యానువాడు తొంగిచూశాడు. "ఫ్రిజ్ దించాలా సార్?"

"దించక?"

దించేసరికి చినుకులు మొదలయ్యాయి. పెద్దనాన్న గుమ్మంలో ఆగిపోయాడు. పిన్ని గొడుగు తెచ్చి అందించింది.

"తీసుకెళ్లండి బావగారూ. రెండో నంబరుది. మీ తమ్ముడిదే."

ఆయన తీసుకున్నాడు. ఈసారి బావను కాదనలేదు.

మర్నాటికి బాబాయి కళ్లు తెరిచాడు. జరిగింది చెప్తే చివరిదాకా విని ఒక్కటే అడిగాడు. "అన్నయ్య సంతకం గుర్తుపట్టాడా?"

"పట్టాడు."

"మంచి సాక్షి. అందుకే ముఖ్యమైనవాటికి అన్నయ్య చేతే పెట్టించాను."

"పిన్నికైనా చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఒకట్లన్నీ రెళ్లు చేసేది. నాకు జిగురు దండగ."

ఆయన మణికట్టుకు ఆసుపత్రివాళ్లు కట్టిన పట్టీ ఉంది. పేరు, వయసు, వార్డు. పిన్ని నా జేబులోంచి పెన్ను తీసుకుని, చెయ్యి కదలకుండా పట్టుకుని, పేరు పక్కన 1 అని వేసింది.

బాబాయి పట్టీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని పరిశీలించాడు. "తేదీ లేదే?"

ఆవిడ తేదీ వేసింది. ఆరోజుది కాదు. పంతొమ్మిదేళ్ల కిందటిది.

నేను అడక్కుండానే కింద సంతకం పెట్టాను. ఇంతలో మందుల ట్రే పట్టుకుని నర్సు వచ్చింది. "పట్టీ మీద ఏం రాస్తున్నారండీ?" అంది.

బాబాయి చెయ్యి ఆవిడ ముందుకు చాపాడు.

"రెండో సాక్షి కావాలమ్మా. ఇక్కడో సంతకం పెట్టు. కాఫీ ఇంటికెళ్లాక ఇస్తాం."