శుక్రవారం గడప దాటిన డబ్బు

శుక్రవారం పూట మీ ఇంట్లోంచి డబ్బు బయటికి ఇస్తారా? మొహమాటం లేకుండా చెప్పండి. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ ప్రశ్నకు నా ముందు నీళ్లు నమిలారు.

రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు, ఏటీఎంలలో నోట్లు దొరకని ఒక వేసవిలో, నన్ను మా బ్యాంకు ప్రొద్దుటూరు కరెన్సీ చెస్టుకు అధికారిగా వేశారు. చెస్టు అంటే చుట్టుపక్కల శాఖలకు నోట్ల గాదె. నోట్లు మిగిలిన శాఖ ఇక్కడికి పంపుతుంది, చాలని శాఖ ఇక్కడి నుంచి తెచ్చుకుంటుంది. జమ్మలమడుగు శనగ రైతులకైనా, పులివెందుల చీనీ బత్తాయి తోటల వాళ్లకైనా మేమిచ్చిన నోట్లు తిరిగి తిరిగి చివరికి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకే చేరతాయి. అంగళ్లవాళ్లు వాటిని మళ్లీ బ్యాంకులో వేస్తేనే మా పని నడుస్తుంది.

శుక్రవారం మాత్రం నడవదు. ఆ రోజు బంగారం కొనడం శుభమని మూడూళ్ల జనమూ వస్తారు. ఆ రోజు లక్ష్మిని గడప దాటించకూడదని అంగళ్లవాళ్లు గల్లాకు తాళం వేస్తారు. సొంత ఖాతాలో వేసుకోవడం కూడా వాళ్ల లెక్కలో గడప దాటించడమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం జమ్మలమడుగు మేనేజరు ఖాదర్ ఫోన్ చేశాడు. నోట్లు అయిపోవచ్చాయి. బ్యాంకు మునుగుతోందని ఎవరో పుకారు లేపారు. జనం మెట్ల మీదికి వచ్చేశారు. మరునాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం.

"ఈపొద్దు ఇయ్యకుండా తలుపు మూసినామంటే సోమవారం ఊరంతా వస్తాది సార్. అప్పుడు ఎంత తెచ్చినా సాలదు" అన్నాడు.

నిజమే. నిక్షేపంగా ఉన్న బ్యాంకును కూడా భయం పడగొట్టగలదు.

చెస్టులో ఒక శాఖకు సరిపడా కట్టలే ఉన్నాయి. అవి పొద్దుటే పులివెందులకు కేటాయించినవి. వదులుకోమని అక్కడి మేనేజరును అడిగాను.

"నాకూ జనం ఉండారు గదా సార్. ప్రొద్దుటూరోళ్లు ఈపొద్దు ఇయ్యరు. నాది ఇచ్చేసి నేనేం సేయాల?"

గల్లా డబ్బు బ్యాంకులో వేయమని అడగడానికి, బంగారు బజారుకు పెద్దదిక్కయిన సుబ్బయ్యశెట్టి అంగడికి నడిచాను. ఆయన పంపితే బజారంతా పంపుతుంది.

"శుక్రవారం లక్ష్మిని బయటికి పంపమంటావా సార్? మా తాత కాలం నుంచి లేదప్పా ఆ పని" అన్నాడు శెట్టి నవ్వుతూ.

"పొద్దున్నుంచి గల్లాలో పడినయి గదా శెట్టీ, అవి యాడనుంచి వచ్చినాయి?"

"గిరాకీ తెచ్చినారు."

"వాళ్లిండ్లల్లో ఈపొద్దు ఏం వారం?"

శెట్టి త్రాసు తుడవడం మొదలుపెట్టాడు. డబ్బు కట్టేసి గాజులు తొడుక్కుంటున్న ఒకామె, పులివెందుల నుంచి వచ్చింది, వాటిని తీసి బల్ల మీద పెట్టింది.

"సార్ జెప్పేది నిజమే గదా మామా. నా లక్ష్మి మాత్రం ఈపొద్దు గడప దాటొచ్చునా? నా దుడ్లు నాకీ. రేపొస్తాలే."

"ఏందమ్మా, నువ్వూ ఈయప్ప జట్టేనా?"

"జట్టేం ల్యా. నీ శాస్త్రమే నేనూ పాటిస్తాండా."

అంగడంతా నవ్వింది. చేతికొచ్చిన బేరం జారిపోతోందని శెట్టికి అర్థమైంది. బ్యాంకుకు పంపడానికి గల్లా తాళం తీశాడు.

"రశీదు మీద రేపటి తేదీ ఏస్తావా సార్?" అని చివరి బేరం ఆడాడు.

"రేపు సెలవు శెట్టీ" అన్నాను.

శెట్టి పంపాడని తెలిసి పక్క అంగళ్లూ పంపాయి. అయితే బయటి నుంచి వచ్చిన నోట్లను లెక్కపెట్టి, నకిలీలు ఏరి, కట్టలు కట్టాకే చెస్టు నుంచి పంపాలి. దానికి సాయంత్రమవుతుంది. అందుకని పులివెందులకే మళ్లీ ఫోన్ చేసి, బజారు డబ్బు వచ్చిందని చెప్పాను.

"శుక్రవారమా?" అన్నాడు మేనేజరు. "అట్లయితే నా కట్టలు జమ్మలమడుగుకే పంపు సార్. ఈపొద్దుటికి ఉండేదాంతో నెట్టుకొస్తా, నాకు సోమవారం ఇచ్చినా సాలు."

తుపాకీ కాపలాతో బండి కదిలింది. ఖాదర్ పెట్టెలను వెనక గదిలోకి పంపకుండా జనం ఎదుటే తెరిపించాడు. ఆ తర్వాత ఫోన్ చేసి, "కట్టలు చూసినాక సగం మంది తీసుకోకుండానే పోయినారు సార్. మిగిలినోళ్లు టీ తాగిపోతాండారు" అన్నాడు.

శెట్టి తాళానికి లక్ష్మి అని పేరు, పులివెందుల మేనేజరు తాళానికి జాగ్రత్త అని పేరు. రెండూ ఒకటే భయం. పక్క ఊరు ఇస్తుందన్న నమ్మకం ఉంటే ఏ ఊరికీ దాచుకునే అవసరం రాదు. ఒకరి రాబడి ఇంకొకరి ఖర్చే, ఏ వారమైనా.

మీరు ఎవరికైనా కూలీ ఇవ్వాలా? అప్పు తీర్చాలా? వచ్చే శుక్రవారం, దీపాలు పెట్టే వేళకే, వాళ్ల ఇంటికి వెళ్లి చేతికిచ్చి రండి.