రేకుల మీద పీడనం పాఠం

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. చైతన్యపురిలో అద్దెకుంటూ ఓ స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆ రోజు బంద్. బడి లేదు కదాని డాబా మీద కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. అప్పుడే దిద్దిన పేపరొకటి గాలికి ఎగిరి పక్కింటి సిమెంటు రేకుల మీద పడింది. పిట్టగోడ దాటి నాలుగడుగులు వేసి పేపరు అందుకున్నానో లేదో, కాళ్ల కింద రేకు పెళ్లుమంది! రోడ్డు మీద ఊరేగింపు నినాదాల్లో నా కేకలు ఎవరికి వినిపిస్తాయి?

బట్టలారేయడానికి పైకొచ్చిన ఇంటి ఓనరు యాదమ్మక్క నన్ను చూసింది.

"టీచరమ్మా, నిలబడకు! బోర్ల పండుకో! కాళ్లు చేతులు చాపి మెల్లగ పాక్కుంట రా!"

అలాగే చేశాను. రేకు మళ్లీ చప్పుడు చేయలేదు. ఆమె చెయ్యి అందాక ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"గింత సదివినవ్, పండుకుంటె రేకు ఆగుతదని తెల్వదా?" అందామె.

గుప్పిట్లో నలిగిన పేపరు విప్పాను. 'బరువు అంతే ఉన్నా, వైశాల్యం పెరిగితే పీడనం తగ్గుతుంది' అని రాసింది మా విద్యార్థిని. ఉదాహరణ ఇవ్వలేదని ఒక మార్కు కోశాను. ఆ ఉదాహరణ నేనే అయ్యాక, కోసిన మార్కు కలిపి పదికి పది వేశాను.