పాలరాతి అమ్మ వీపు

ఏ రెండు వస్తువులు పక్కపక్కన కనబడినా, ఏది మేలో తేల్చందే వెంకటశేషమ్మకు ముద్ద దిగదు. ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళకు పోతే రెండు పప్పుచార్లకూ పోటీ పెట్టి, ఏది గెలిచిందో మూడో ఇంట్లో చెప్పి వస్తుంది.

చిల్లకూరు దగ్గర తెల్ల ఇసుక తవ్వేచోట ఆమె పన్నెండేళ్ళు జల్లెడ పట్టింది. గుప్పెడు ఇసుక అరచేతిలో రాసి చూసి, అది ఏ గుంటలోదో చెప్పేది. ఆ ఇసుక లారీల్లో గాజు ఫ్యాక్టరీలకు పోతుందని తెలుసు. అక్కడ దాన్ని ఏం చేస్తారో ఎన్నడూ చూడలేదు. సీసాలూ కిటికీ అద్దాలూ కాబోలు అనుకునేది. మోకాళ్ళు మొరాయించాక ఆ పని మానేసి, మొగుడి పనిలో తల దూర్చడం మొదలుపెట్టింది.

మొగుడు పద్మనాభయ్య సిమెంటు బొమ్మలు చేస్తాడు. హైవే పక్కనే ఆయన రేకుల షెడ్డు. ఆ చుట్టుపక్కల కొత్త ఇళ్ళ పిట్టగోడల మీద నోరు తెరుచుకుని కూర్చున్న సింహాల్లో సగం ఆయన చేతివే. అవి గర్జిస్తున్నాయని ఆయన అంటాడు. ఆవలిస్తున్నాయని ఈమె అంటుంది.

ఒకరోజు నరేంద్రబాబు షెడ్డుకు వచ్చాడు. అల్లూరులో రొయ్యల గుంటలున్న ఆసామి, కొత్తగా మేడ కడుతున్నాడు. ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. చెన్నై మ్యూజియంలో తీసిందట, దీపం పట్టుకున్న పాలరాతి అమ్మ.

"అచ్చం ఇట్టాంటిది నా గేటు పక్కన నిలబడాల, పద్మనాభయ్యా."

ఫొటోలో అమ్మ సగమే ఉంది. మిగతా సగం నరేంద్రబాబు బొటనవేలు. ఇక స్వయంగా పోయి చూసి రావలసిందే.

"నేనూ వస్తా," అంది వెంకటశేషమ్మ. "నీకు కళ్ళుండాయి గానీ చూపు లేదు."

గూడూరులో పొద్దున్నే రైలెక్కారు. దారి పొడుగునా పద్మనాభయ్య గొప్పలే. "రాతిని చెక్కితే చెడిపోయింది మళ్ళీ అతకదు. సిమెంటు అట్టా కాదు, చెడితే మళ్ళీ పూస్తాం. మనదే పెద్ద విద్య మే."

"చెడగొట్టి పూసేది కూడా విద్యేనా?" అంది ఆమె, ఇడ్లీ పొట్లం విప్పుతూ.

మ్యూజియంలో బొమ్మల గదికి కాపలాగా ఉన్న డెబోరా సూళ్ళూరుపేట మనిషి. తెలుగు వినబడగానే ప్రాణం లేచివచ్చినట్టు దగ్గరకు వచ్చింది. "అన్నా, చెయ్యి తగిలించొద్దు," అని ముందుగానే చెప్పింది, ఎందుకంటే పద్మనాభయ్య అప్పటికే ఒక రాతి గుర్రాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు.

గది చివర, గోడలోని గూటిలో నిలబడి ఉంది ఆ అమ్మ. పద్మనాభయ్య ఎదురుగా ఆగాడు. ఆమె పైట రాయిలా లేదు. తడిసిన బట్టలా ఒంటికి అతుక్కుని, కింద మోకాలి ఆకారం తెలుస్తోంది. వేలి గోరు దగ్గర చర్మం మడత కూడా ఉంది.

వెంకటశేషమ్మ ఒక చూపు చూసి పక్క గదిలోకి పోయింది. అక్కడంతా గాజే. నీలం కూజా ఒకటి, దాని మెడ చుట్టూ పాకిన గాజు తీగ, తీగకు వేలాడే ద్రాక్ష గుత్తి. కిటికీలోంచి పడిన ఎండ కూజాలోంచి దూరి, నేల మీద నీలం మడుగు కట్టింది. ఆమె చెప్పు విడిచి ఆ మడుగులో పాదం పెట్టింది.

"ఇది ఇసకేనా తల్లీ?"

"ఇసకే అక్కా. కరగబోసి నోటితో ఊది చేస్తారంట. ఇది ఫారిన్‌ది, నూరేళ్ళ పైమాటే. మన ఇసక కాదు."

"ఇసకకి ఊరేంది? సముద్రం ఒకటే గదా?" అని వెంకటశేషమ్మ ఆ మాట కొట్టేసి, మొగుణ్ణి పిలవడానికి పోయింది. రాతికీ గాజుకీ పోటీలో ఏది గెలిచిందో చెప్పాలి కదా.

పద్మనాభయ్య బల్ల మీద కూలబడి ఉన్నాడు.

"నరేంద్రబాబుకి రాదని చెప్పేస్తా మే. ముప్పై ఏళ్ళుగా నేను చేసేది బొమ్మలు కాదు, ముద్దలు."

రైల్లో అంత వాగిన మనిషి అట్లా అనేసరికి ఆమెకు జాలేసింది. వచ్చిన పని మరిచి, వెంటనే పక్షం మార్చింది. "ఏముంది దీంట్లో? చెవులకి కుట్లు లేవు. దీపం పట్టుకుంది గానీ ఒత్తి లేదు. నీ సింహం మేలు, వానొస్తే నోట్లోంచి నీళ్ళన్నా పోతాయి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు డెబోరా కలుగజేసుకుంది. "అన్నా, ముందు చూసి ఏడుస్తున్నావు. రోజూ తడిగుడ్డతో వెనక తుడిచేది నేను. ఒకసారి తొంగి చూడు."

పద్మనాభయ్య గోడకు చెంప ఆనించి, ఫోన్ లైటు వేసి గూటిలోకి చూశాడు. అమ్మకు వీపు లేదు. జడ లేదు. మోటు ఉలి దెబ్బలు, గాట్లు, ఒకచోట పెచ్చు ఊడిన గుంట.

"వాడూ ఎగ్గొట్టినాడు మే!" అని ఆయన వేసిన కేకకు గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "గోడపక్క ఎవురు చూస్తారులే అని వాడూ వదిలేసినాడు! నేను చేసేదీ అదే గదా!"

డెబోరా నోటి మీద వేలు పెట్టుకుంది, నవ్వు ఆపుకోలేక.

"అయితే నాదే గెలుపు," అంది వెంకటశేషమ్మ. మొగుడు కోలుకున్నాడు, ఇక జాలి పడే పని లేదు. "గాజుకి వెనకపక్కంటూ లేదు. ఎగ్గొడితే ముందుకే కనిపిస్తాది. రా చూద్దువు."

ఆయన కూజా చుట్టూ నాలుగుసార్లు తిరిగి, చివరికి అడుగున నువ్వుగింజంత గాలి బుడగ పట్టాడు. "ఇదో తప్పు!"

"అది తప్పా? ఊదినోడి ఊపిరి నూరేళ్ళుగా ఆడనే ఉందయ్యా. నీ సింహాలు పగలగొడితే ఏముంటాయి? బీడీ ముక్కలు."

సాయంత్రం రైల్లో గూడూరు వచ్చేదాకా ఈ వాదన తెగలేదు. కానీ అమ్మ పని మొదలైనప్పుడు వెంకటశేషమ్మ ఒక్క షరతు పెట్టింది, వీపు కూడా పూర్తిగా చెయ్యాలని. గోడ వైపుకి ఎందుకని ఆయన గొణిగాడు. ఆమె స్టూలు వేసుకుని వెనక కూర్చుంది, లేవలేదు. దిక్కులేక ఆయన జడ మొదలుపెట్టాడు. మూడు పాయలు, పాయపాయకీ నిగనిగ, నడుము దాకా మల్లెపూలు. ముఖం దగ్గర ఆ పాలరాతి అమ్మ గుర్తొచ్చి ఆయన పూసిందే మళ్ళీ మళ్ళీ గీకేశాడు. వీపు దగ్గర పోల్చుకోవడానికి ఎవరూ లేరు, చెయ్యి హాయిగా ఆడింది. ఆయన జన్మలో అంత మంచి పని చెయ్యలేదు.

బొమ్మ అల్లూరు చేరింది. నరేంద్రబాబు ముందు నుంచి చూసి "బాగుంది" అన్నాడు. ఆయన భార్య కామాక్షి వెనక్కి పోయి చూసి, అక్కడే నిలబడిపోయింది. "ఈ జడని గోడకేసి తిప్పితే పాపం తగలతాది," అని క్రేన్ వాణ్ణి ఆపి, బొమ్మను వెనక్కి తిప్పించి, జడ రోడ్డు వైపుకి వచ్చేట్టు నిలబెట్టించింది.

ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్ళందరికీ అమ్మ జడే కనిపిస్తుంది. ముఖం ఇంటివైపు. నరేంద్రబాబు తల్లి పిచ్చమ్మ వరండాలో అన్నం తినేటప్పుడు ఆ బొమ్మ దీపం పట్టుకుని ఎదురుగా నిలబడి చూస్తూ ఉంటుంది.

"ముద్ద లెక్కబెడతా ఉండాది నాయనా ఇది," అని పిచ్చమ్మ రోజూ ఆ బొమ్మకు వీపు పెట్టి కూర్చుని తింటోంది.