జేబు మీది బెజ్జాలు

ఆ ఎర్ర పట్టీ ఆలోచన నాదే. ఇంకెవరి మీదికైనా నెడదామని చాలాసార్లు చూశాను గానీ, సాక్ష్యాలన్నీ నా కుట్టుతోనే ఉన్నాయి.

బీదర్‌లో నాది బట్టలు కుట్టే దుకాణం. దగ్గరి కమఠాణ ఊళ్లో మా తాతలు నాగలి పట్టారు, నేను సూది పట్టాను. పని మారింది గానీ మొన మాత్రం మమ్మల్ని వదల్లేదు. తెలుగులో కొలవడం అంటే రెండర్థాలు. టేపు పెట్టడం ఒకటి, దేవుడని మొక్కడం ఇంకొకటి. నా బిడ్డ చదువు దగ్గర నేను ఈ రెండూ కలిపేశాను. మార్కులతో బిడ్డను కొలిచీ కొలిచీ, చివరికి మార్కులనే కొలుస్తూ కూర్చున్నాను.

మా వీధి చివర ఓ చిన్న బడి ఉంది. దాని పిల్లల చొక్కాలన్నీ నేనే కుడతాను. పెద్దసారు కన్నడ మనిషి. నా కన్నడ వింటే ఆయనకు పొద్దు గడిచినట్టే, ఒక్కో మాటకు ఒక్కో నవ్వు. తొమ్మిదో తరగతి పిల్లలకు అరసంవత్సరం పరీక్షలయ్యాక, ఓరోజు దుకాణంలో కూర్చుని, మొదటి పదిమందిని వేరే వరుసలో కూర్చోబెట్టబోతున్నామనీ, మిగతా వాళ్లకు పౌరుషం రావడానికి ఇంకేం చేయాలో తోచడం లేదనీ అన్నాడు. ఆయన నన్ను అడగలేదు, గాలిని అడిగాడు. గాలి ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

"జేబు మీద ఎర్ర పట్టీ కుడదాం సార్. ఎవరు హుషారో దూరంకెల్లే తెలుస్తది."

ఆయన మొహం వెలిగింది. "కెలవరిగె మాత్ర," అని వేలెత్తి మరీ చెప్పాడు. కన్నడలో కెలవరిగె అంటే కొందరికి. ఎల్లరిగె అంటే అందరికీ. ఆ తేడా నాకు ఆరోజు బాగా తెలుసు. ఆ కొందరిలో నా బిడ్డ ఉంటుందని అంతకంటే బాగా తెలుసు.

నా బిడ్డా, ఎదురింటి పిల్లా ఒకే తరగతి. ఎదురింటాయన హుమ్నాబాద్ నుంచి లారీ తోలుతాడు. ఆయన భార్య ఇంట్లోనే జొన్నరొట్టెలు చేసి మెస్సులకు పంపుతుంది. పిల్లలిద్దరూ బడి వదలగానే నేను బట్ట కత్తిరించే బల్ల కింద దూరి, ఒకే పుస్తకం మీద రెండు తలలు పెట్టేవాళ్లు. పైన నా కత్తెర ఆడుతుంటే కింద వాళ్ల జడల మీద పేలికలు రాలేవి. ఎదురింటి పిల్లకు లెక్కలు బాగా వచ్చు. నా బిడ్డకు అంతగా రావు. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ బాధ లేదు. బాధంతా నాకే. పరీక్ష కాగితాలిచ్చిన రోజు బిడ్డ గడప దాటకముందే అడిగేవాణ్ని.

"ఆమెకెన్నొచ్చినయ్?"

"ఇరవై రెండు."

"నీకు?"

ఎన్నేళ్లుగా అడుగుతున్నానో ఆ రెండు ప్రశ్నలు, అదే వరుసలో.

పదిమంది పేర్లు రాకముందే నా బిడ్డ చొక్కాకు పట్టీ కుట్టేశాను. తర్వాత పేర్లొచ్చాయి. ఎదురింటి పిల్లది మూడో పేరు. నా బిడ్డది పదకొండోది, అంటే లేనిది. బిడ్డ చూస్తుండగానే సగం బ్లేడు తీసి పట్టీ విప్పాను. పట్టీ ఊడింది, బెజ్జాలు ఉండిపోయాయి. తెల్లటి టెరికాట్ గుడ్డ, ఒకసారి సూది దిగితే మరిచిపోదు. జేబు మార్చి ఉండాల్సింది. ఉక్రోషంలో ఉన్నవాడికి అంత బుద్ధి ఎక్కడిది? ఆ చొక్కాతోనే బడికి పంపాను.

"ఏందే, నీ పట్టీ ఎలుకలు కొరికినయా?" అని తరగతిలో అడిగారట.

పది రోజులైందో లేదో, ఎదురింటావిడ తన బిడ్డ చొక్కా పట్టుకుని దుకాణం ఎక్కింది.

"ఏం కుట్టు కుట్టినవన్నా! ప్రార్థనల నిలబడితే పట్టీ తోకలెక్క యేలాడిందంట. పట్టీ గూడ కాపాడుకోరాదా అని సారు నా బిడ్డను అందరి ముంగట నిలబెట్టిండు."

చొక్కా తిరగేసి చూశాను. దారం తెగలేదు, తెంపి ఉంది. లోపలి వైపు నుంచి, మూడు కుట్లకు ఒకటి చొప్పున, గుడ్డకు గీత కూడా పడకుండా. అలా బ్లేడు ఆడించడం మా వీధిలో ఇద్దరికే వచ్చు. ఒకడు నేను. రెండో మనిషికి నేర్పింది కూడా నేనే.

"నా కుట్టే సరిగ వడలే చెల్లె. పెట్టిపో, చేసిస్త," అన్నాను.

"నువ్వు ముసలోడివైతున్నవన్నా," అని నవ్వుకుంటూ పోయింది. నా బిడ్డ మీద ఆమెకు అనుమానపు నూలుపోగైనా లేదు.

సాయంత్రం ఆ చొక్కా నా బిడ్డ ముందు బల్ల మీద పెట్టాను. కుట్లు విప్పిన పిల్ల నోరు విప్పడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వెప్పుడన్న నావి ముందుగాల అడిగినవా నాయినా?"

"ఏవి?"

"మార్కులు. ఆమెకెన్ని, ఆమెకెన్ని. ఆమె మొకం జూస్తె నాకు నీ గొంతే ఇనవడుతాంది."

టేపు మెడలోనే ఉంది. తీసి పక్కన పెట్టాను. ఆ పూటైనా తెలివి రావాలి కదా. రాలేదు. "పోనియ్యి. తప్పు నాదేనని చెప్పిన. నువ్వేం చెప్పకు," అన్నాను. కుట్టు నేర్పాను, కోత నేర్పాను, ఇప్పుడు కప్పిపుచ్చడం కూడా నేర్పుతున్నానన్నమాట.

"మరి వాళ్లు నీ కుట్టే ఖరాబనుకుంటరు గద?"

"అనుకోని."

"వద్దు," అంది బిడ్డ. సూదిలో దారం ఎక్కించి ఆ పట్టీ తనే చేత్తో కుట్టింది. కుట్లు వంకరగా వచ్చాయి. చొక్కా మడిచి పట్టుకుని రోడ్డు దాటింది. దుకాణంలోంచి వాళ్ల గడప కనబడుతుంది గానీ, మెల్లగా అన్న మాటలు వినబడవు. ఎదురింటి పిల్ల గట్టిగా అన్నది ఒక్కటే వినబడింది.

"నేనేం చేసిననే నీకు? పో! మళ్ల మా గడప తొక్కకు!"

బిడ్డ తిరిగొచ్చి, నల్లా దగ్గర మొహం కడుక్కుని, బల్ల కింద ఒక్కతే కూర్చుని కన్నడ పాఠం చదువుకుంది. నేను ఆ పూట ఇంకేమీ కత్తిరించలేదు.

తర్వాత మూణ్నెల్లు బల్ల కింద ఒక్క తలే. ఎదురింటావిడ నన్ను చూస్తే పలకరించేది, నిలబడేది మాత్రం కాదు. నేను మార్కులు అడగడం మానేశాను. చెప్పినంత సులువు కాదు. కాగితాలిచ్చిన రోజు దారం నోట్లో పెట్టుకుని పళ్లతో బిగబట్టేవాణ్ని.

పెద్దపరీక్షలు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఎదురింటి పిల్ల దుకాణం ముందు నిలబడింది. నా వైపు చూడలేదు.

"ఏయ్, ఆ వృత్తం లెక్క నీకొచ్చిందా?"

బల్ల కింది నుంచి, "రాలే. నీకు?"

"నాగ్గూడ రాలే. జరుగు."

సంధి అంతే. అయితే ఇప్పుడు పుస్తకాలు రెండు. జవాబు రాసేటప్పుడు ఎదురింటి పిల్ల ఒక్కోసారి చేయి అడ్డం పెట్టుకుంటుంది. ఇంతకుముందు ఆ అలవాటు లేదు. ఆ చేయి ఎప్పటికి పక్కకు జరుగుతుందో నాకు తెలియదు.

జూన్‌లో పెద్దసారు పదో తరగతి పిల్లల చొక్కాల పని తెచ్చాడు. నలభై చొక్కాలు, పదిమంది పేర్లు. ఎదురింటి పిల్లది రెండో పేరు. ఆరో పేరు దగ్గర ఆగి, తీపి కబురు చెబుతున్నట్టు, "నిన్న మగళూ ఇద్దాళె," అన్నాడు. నీ కూతురు కూడా ఉందని. కన్నడలో నిన్న అంటే నీ. నా చెవికి తెలుగు నిన్నే వినబడింది, బెజ్జాల చొక్కాతో బడికి పోయిన నిన్న.

"కెలవరిగె మాత్ర," అని మళ్లీ వేలెత్తాడు.

"ఆయ్తు సార్," అని సరేనన్నట్టు తలూపాను.

నలభై చొక్కాలు కుట్టాను. నలభై పట్టీలు కుట్టాను. గుండీలు వేస్తున్న బిడ్డ ఇరవయ్యో చొక్కా దగ్గర తలెత్తింది.

"నాయినా, అందరికా?"

"నాకు కన్నడ సరిగ రాదు గద బిడ్డా."

బిడ్డ మళ్లీ గుండీల మీద పడింది.

రేపు బడి తెరుస్తారనగా సారు వచ్చాడు. ఒక చొక్కా విప్పి చూశాడు, ఇంకోటి చూశాడు, పదకొండోది చూసి అరిచాడు. "కెలవరిగె అందె నాను!" కొందరికే అన్నానని.

తెలివితక్కువ మొహం పెట్టాను. పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. "ఎల్లరిగె అన్నరనుకున్న సార్. నా కన్నడ సంగతి మీకెరుకే గద."

"బిచ్చు!" విప్పెయ్యమని.

"విప్పుత సార్. పట్టీలైతే ఊడుతయ్, బెజ్జాలు పోవు. ముప్పై జేబులు మార్చాల్నంటే పది దినాలైతది."

సారు చొక్కాల వైపు చూశాడు, నా వైపు చూశాడు, గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. మూట కట్టించుకుని బయల్దేరాడు. వీధి చివరిదాకా నా కన్నడను కన్నడలో తిడుతూనే పోయాడు. ఒక్క మాట పొల్లు పోకుండా అంతా అర్థమైంది నాకు.