తలుపు చాటు కమిషన్

మా మామ ఎదురుంగ నిలబడి నేను ఎన్నడు మాట్లాడలే. ఆ దినాలల్ల కోడలు తలుపు చాటుకెళ్ళే మాట్లాడాలె. అసొంటిది, ఆయనను నిలదీసి అడిగే పని నాకే పడ్డది.

ఇచ్చోడ దిక్కు మా చెల్క ఒక వానకాలంల వాగుల కలిసిపోయింది. అయినా ఏటేటా దానికి శిస్తు కట్టుడే. రెండు రాష్ట్రాలు కలిసి కొత్త రాష్ట్రం అయినంక, పన్నుల చట్టాలు ఎట్ల మార్చాల్నో చూసేటందుకు సర్కారు కమిషన్ ఏసిందని, ఆదిలాబాద్ బంగ్లాల రైతుల మాట ఇంటదని పట్వారి చెప్పిండు.

"లేని భూమికి శిస్తు వద్దని చట్టంల రాయాలె. నేనే పోయి చెప్త," అన్నడు మామ. ఆయన మాట ఎటో మొదలై ఎటో పోతది. నేను రెండో తరగతి దాంక చదివిన, గొంతు కటువు. అందుకే మాట కుదిరేదాంక రోజు మాపటీలి, దీపం ముట్టించంగనే, నన్ను కమిషన్ చేసిండు.

"ఏం కావాలె?" అని తలుపు చాటుకెళ్ళి అడుగుతుంటి.

మామ దగ్గి గొంతు సవరించుకునేటోడు. "మా తాత దున్నిన కాలంల, సర్కార్..."

"తాత ముచ్చట వద్దు. భూమి ముచ్చట చెప్పుండ్రి."

పొయ్యి కాడ అత్త నవ్వేది. "కోడలికి జవాబు చెప్పుకునే మామను మా ఇంట్లనే చూస్తున్న!"

"ఊకోవే. సర్కారు నీ అంత మెత్తగుంటదా?"

కమిషన్ ఇయ్యాల రేపు అనంగనే చలికాలం వచ్చింది. దగ్గు ముదిరి మామ పోయిండు.

దినాలు అయినంక, దీపం ముట్టించే యాల్లకు తలుపవతల అదే దగ్గు. అడుగుమన్నట్టు. అత్త సుత ఇన్నది. పొయ్యిల కట్టె ఎగదోసింది.

ఆఖరుకు కమిషన్ వచ్చింది. బస్సు కిరాయి దండుగని బండి కట్టుకొని మా ఇంటాయన, నేను పోయినం. ఆయన లోపల, నేను వరండాల తలుపు చాటుకు. పెద్దసార్ల ముందట ఆయన నోరు పెగలలే.

"చెప్పేది లేకుంటే పక్కకు జరుగు," అన్నడొక సారు.

నాకు తెల్వకనే నోట్లకెళ్ళి వచ్చింది. "ఏం కావాలె?"

మా ఇంటాయన దగ్గిండు. గొంతు సవరించుకున్నడు. "నీళ్ళు పారే జాగకు శిస్తు వద్దు, సర్కార్. మన్ను ఉన్నకాడ తీసుకోండ్రి."

మామ ముచ్చట్ల నేను కోసేయంగ మిగిలిన మాటలే అవి. సారు రాసుకున్నడు.

బండిల అడిగిన, "గంత దగ్గు ఎందుకొచ్చింది మీకు?"

"నేనా? నేను దగ్గలే," అన్నడాయన.

ఆ మాపు దీపం ముట్టించి తలుపు చాటుకు నిలబడ్డ. అవతల దగ్గు లేదు.

"మామా, తాత ముచ్చట చెప్పుండ్రి," అన్న.